చదువకుండ వేయు వ్రేలిముద్ర

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పల్లెలలో ప్రోనోటు మీదనే అప్పులు నడచిన దినములలో నోటు వ్రాయుట ఒకరి పని, దానిపై వ్రేలిముద్ర వేయుట మరియొకరి పని. వ్రాసినవానికి చదువు వచ్చును. ముద్ర వేసినవానికి రాదు. నూరు రూపాయలు పుచ్చుకొన్నవాడు నోటులో ఎన్ని వందలున్నవో ఎరుగడు. బొటనవ్రేలికి సిరా పూసికొని, చూపిన చోట అద్ది, దండము పెట్టి ఇంటికి పోయెడివాడు. గ్రంథాలయోద్యమమున పనిచేసిన పెద్దలు రాత్రిపాఠశాలలు పెట్టి వయోజనులకు అక్షరములు దిద్దించుటకు గల కారణములలో ఇది యొకటి. కావ్యములు చదువగలుగుట తరువాతి మాట. ముందు తాను ముద్ర వేయు కాగితములో ఏమున్నదో తాను చదువుకొనగలుగవలెను.

నేడు అంగడి బల్లమీద, బస్సుస్టాండు స్తంభముమీద, మందుల పెట్టెమీద, పాఠ్యపుస్తకము పుటలో, పెండ్లి శుభలేఖ మూలలో నల్లని గళ్లతో నిండిన చతురస్రమొకటి కనబడుచున్నది. దాని పేరు క్యూ.ఆర్. కోడు. అంగళ్లలో దీనినే ‘స్కానర్’ అని పిలుచుచున్నారు. నిజమునకు స్కాను చేయునది చేతిలోని ఫోను. గోడమీది కాగితము ఊరక చూపబడునది మాత్రమే. పేరు తారుమారైనను పని జరిగిపోవుచున్నది గనుక ఎవరును పట్టించుకొనుట లేదు. ఈ గళ్లను అక్షరము రానివాడును చదువలేడు, పట్టభద్రుడును చదువలేడు. ఫోను చదువును, చదివి, తెరపై ఒక వరుస వ్రాసి చూపును. ఆ వరుసపై చూపైనను నిలుపకుండ చాలమంది బొటనవ్రేలితో నొక్కుచున్నారు. నాటి ముద్రకును నేటి నొక్కునకును భేదము సిరా యొక్కటే.

ఈ కోడు చరిత్ర కొంత తెలిసికొనిన యెడల, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో తెలియును. ఇది 1994లో జపాను దేశమున పుట్టినది. మోటారుకారుల విడిభాగములు చేయు డెన్సో సంస్థలో మసాహిరో హారా అను ఇంజనీరు తన సహచరులతో కలిసి దీనిని రూపొందించెను. అంతకుముందు వాడుకలోనున్న చారల కోడు సుమారు ఇరువది అక్షరములను మించి మోయలేదు. కర్మాగారములో ఒక్కొక్క పెట్టెపై పలు చారల కోడులు అంటించి, ఒక్కొక్కదానినే యంత్రమునకు చూపవలసి వచ్చెడిది, పనివారికి విసుగు. నల్లరాళ్లు, తెల్లరాళ్లు గళ్లపై పేర్చి ఆడు ‘గో’ అను ఆట హారాకు అలవాటు. చారలను ఒకే దిక్కున పేర్చుటకు బదులు, గళ్లను అడ్డముగను నిలువుగను పేర్చినచో ఎక్కువ సమాచారము పట్టునను ఊహ ఆ ఆటపలక చూచి కలిగినదని ఆయనయే చెప్పియున్నాడు.

కోడులో మూడు మూలల మూడు పెద్ద చతురస్రములు ఉండును. కాగితమును ఏ వైపునకు త్రిప్పి పట్టినను యంత్రము కోడును గుర్తుపట్టుటకు అవియే ఆధారము. కాని అటువంటి గురుతే పెట్టెపైనున్న ఇతర ముద్రణలో ఎక్కడనైన వచ్చినచో యంత్రము పొరబడును గదా? అందువలన హారా బృందమువారు పత్రికలను, కరపత్రములను, పెట్టెలమీది ముద్రణలను వెదకి, నలుపు తెలుపుల ఏ నిష్పత్తి ముద్రణలో అతి తక్కువగ కనబడునో లెక్కించిరి. తేలినది 1:1:3:1:1. ఆ మూడు చతురస్రములలో దేని నడిమధ్యగుండనైనను ఏ దిశగ గీత గీసినను ఈ నిష్పత్తియే వచ్చును. చిన్న విషయమే గాని, ముద్రిత పుటలను ఇంత శ్రద్ధగ పరిశీలించి ఒక గురుతును ఎన్నుకొనిన పనితనము గ్రంథాలయ సభలో చెప్పుకొనదగినది.

కోడులలో మిక్కిలి చిన్నదానికి ఒక్కొక్క ప్రక్కను 21 గళ్లు, పెద్దదానికి 177 గళ్లు ఉండును. అంకెలు మాత్రమే వ్రాసినచో ఒక్క కోడులో 7,089 వరకు పట్టును. నూనె చేతులతో ముట్టుకొను చోట వాడవలసినది గనుక, కొంత చెరిగినను మిగిలినదానిని బట్టి లెక్కకట్టి పూర్తి చేసికొను ఏర్పాటు అందులోనే యున్నది. మిక్కిలి గట్టి రకములో సుమారు 30 శాతము దెబ్బతిన్నను చదువవచ్చును. కోడు నడుమ బ్యాంకు గురుతో, ప్రభుత్వ చిహ్నమో ముద్రించినను అది పనిచేయుట ఈ ఏర్పాటువలననే. నడుమ బొమ్మ పెట్టుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఎవరైనను ఏ గురుతునైనను అందులో పెట్టవచ్చును. కాబట్టి నడుమనున్న సింహముల ముద్రను చూచి ఇది సర్కారువారిదే యని నమ్ముట, సంతలో ఖాకీచొక్కా తొడిగినవానిని చూచి పోలీసు అనుకొనుట వంటిది.

పేటెంటు తమదేయైనను, దాని హక్కును ఎవరిపైనను ప్రయోగింపమని డెన్సోవారు ప్రకటించిరి. ఆ ఔదార్యమువలననే కోడు లోకమంతట వ్యాపించినది. నేడు ఎవడైనను రెండు నిమిషములలో, కానీ ఖర్చు లేకుండ, తనకు కావలసిన కోడును చేసికొనగలడు. కిరాణా కొట్టువాడును చేసికొనగలడు, దొంగయు చేసికొనగలడు.

కోడులో విషమేదియు నుండదు. అది ఊరక వ్రాత. కొన్నింటిలో వెబ్ చిరునామా ఉండును. కొన్నింటిలో డబ్బు చేరవలసిన ఖాతా గురుతు ఉండును. కొన్నింటిలో ఫోను నంబరు, వైఫై సంకేతపదము ఉండును. ఆధార్ కార్డుపై నున్నది వేరు. అందులో మనిషి వివరములే డిజిటల్ సంతకముతో కూడి యుండును. ఇన్నింటికిని బాహ్యరూపము ఒక్కటే. కవరుమీద చిరునామా లేకుండ వచ్చిన ఉత్తరమును చింపి చూచిన గాని ఎక్కడిదో తెలియనట్లు, స్కాను చేసిన గాని ఇది ఏ జాతిదో తెలియదు. ఫోను కెమెరాతో చదివించుటవలన సాధారణముగ హాని లేదు. చదివించుట ఒక పని, తెరచుట మరియొక పని. ఈ రెంటి నడుమ కలుగు రెండు క్షణముల విరామమే ఈ ప్రసంగమంతటికిని విషయము. కొన్ని స్కానింగు యాప్‌లు ఈ విరామమును మింగివేయును. చదివిన వెంటనే తామే పుటను తెరచును. అట్టివానిలో ఆ ఏర్పాటును సెట్టింగులలోనికి పోయి ఆపివేయవలెను. ఆపుటకు వీలు లేనిచో ఆ యాప్‌నే తీసివేయుట మేలు. ఫోనుతో వచ్చిన కెమెరా చాలును.

తెరకంటె ముందు కాగితమును చూడవలెను. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రివేళ కొందరు దుండగులు దుకాణముల బయట నున్న కోడులపై తమ కోడులను అంటించి పోయిరి. పెట్రోలు బంకును, మందుల దుకాణమును గూడ విడువలేదు. తెల్లవారి వచ్చిన కొనుగోలుదారులు ఎప్పటివలెనే స్కాను చేసి డబ్బు పంపిరి. అది దొంగల ఖాతాకు పోయెను. బయటపడిన తీరు గమనింపదగినది. మందులు కొనవచ్చిన మనిషి డబ్బు పంపబోవుచు తెరపై వేరొక పేరు కనబడుచున్నదని చెప్పుటవలన దుకాణదారునకు అనుమానము కలిగినది. తెరపై పేరును చదువు అలవాటు గల ఒక్క మనిషి చాలును. అమెరికాలో టెక్సస్ రాష్ట్రమున శాన్ ఆంటోనియో, ఆస్టిన్ నగరములలో 2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో ఇట్టి తంతే జరిగినది. వీధులలో బండ్లు నిలుపుటకు రుసుము చెల్లించు యంత్రములపై దొంగకోడులు అంటించిరి. స్కాను చేసినవారికి అసలు పుటను పోలిన పుట తెరచుకొని బ్యాంకు కార్డు నంబరు అడిగినది. ఆస్టిన్ నగరపాలకులు తమ యంత్రములపై అసలు కోడులే వాడమని చెప్పిరి. కోడు లేని చోట కోడు కనబడుటయే దొంగతనపు జాడ.

కావున బహిరంగ స్థలములలోని కోడును స్కాను చేయుటకు ముందు గోటితో అంచును గీరి చూచుట తప్పు గాదు. కాగితముపై కాగితమున్నదా, గాజుపలక క్రింద నుండవలసినది పైనున్నదా, అక్కడ కోడు ఉండుటకు కారణమున్నదా? గోడమీది కరపత్రములో కోడు తప్ప, పెట్టినవారి పేరు గాని, ఊరు గాని లేనిచో దానిని విడిచిపెట్టుటయే. అడుగకుండ ఇంటికి వచ్చిన పార్సిలులో పంపినవాని పేరు లేక కోడుచీటి మాత్రము ఉండు మోసమును గూర్చి 2025 జూలైలో అమెరికా ఎఫ్.బి.ఐ. ప్రజలను హెచ్చరించినది. ఎవరు పంపిరో తెలిసికొనవలెనను కుతూహలమే అక్కడ ఎర.

కాగితము మంచిదే కావచ్చును, అంటించినవాడు మంచివాడే కావచ్చును. అయినను చిరునామా చేయి మారియుండవచ్చును. జర్మనీలో హైంజ్ సంస్థవారు టొమాటో కెచప్ సీసాలపై ఒక పోటీనిమిత్తము కోడు ముద్రించిరి. పోటీ ముగిసినది. ఆ వెబ్ చిరునామాకు కట్టవలసిన రుసుము కట్టక విడిచిపెట్టిరి. వేరొకరు దానిని కొనిరి. 2015లో ఒక వినియోగదారుడు భోజనపు బల్లవద్ద సీసామీది కోడును స్కాను చేయగా అసభ్య చిత్రముల పుట తెరచుకొన్నది. సంస్థ క్షమాపణ చెప్పుకొన్నది. పాత సీసాలు, పాత కరపత్రములు, పాత పుస్తకములు ఇంటిలో నిలిచియుండును. వానిలోని చిరునామాలు నిలిచియుండునను నియమము లేదు. గ్రంథాలయములలో పాతవి భద్రపరచుట ధర్మము గనుక ఈ సంగతి ఇక్కడివారు మరింత గుర్తుంచుకొనవలెను.

ఇక తెరపై కనబడు వరుస. అసలు పని ఇక్కడనే యున్నది, ఎక్కువమంది దాటవేయునదియు ఇక్కడనే. ఆ వరుస ఇంగ్లీషు అక్షరములలో, చుక్కలతోను గీతలతోను నిండి, చూచుటకే కష్టముగ నుండును. అందులో ముక్కాలు భాగము చదువనక్కరలేదు. చదువవలసిన భాగమేదో తెలిసిన చాలును.

వరుస మొదట ‘హెచ్‌టీటీపీఎస్’ అను అక్షరములు, వాని తరువాత రెండు ఏటవాలు గీతలు ఉండును. కొన్ని ఫోనులలో ఇవి కనబడకపోవచ్చును. వానిని దాటి, ఆ తరువాత వచ్చు మొదటి ఒంటరి ఏటవాలు గీత వరకు పోయి ఆగవలెను. ఆ గీతకు కుడిప్రక్క ఎంత వ్రాసియున్నను అది ఇంటిలోని గదుల పేర్లు మాత్రమే. యజమాని పేరు గీతకు ఎడమప్రక్క ఉండును. దానిని గీతవద్దనుండి వెనుకకు, అనగా కుడినుండి ఎడమకు చదువవలెను.

తెలుగువారికి ఇచ్చట ఒక చిక్కు కలదు. తెలుగు పేరులో ఇంటిపేరు ముందు వచ్చును. మనిషి ఎవరివాడో మొదటి మాటలోనే తెలియును. ఆ అలవాటుచేత వెబ్ చిరునామాలో గూడ మొదటి మాటనే చూచి తృప్తిపడుదురు. కాని అక్కడ ఇంటిపేరు చివరనుండును. ఉత్తరముపై వ్రాయు చిరునామాతో పోల్చుకొనుట సులభము: మనిషి పేరు, వీధి, ఊరు, మండలము, చివర జిల్లా. చివరిది పెద్దది. పోస్టాఫీసులో ఉత్తరములు వేరుచేయువాడు క్రిందినుండి చూచునే గాని పైనుండి చూడడు.

ఉదాహరణకు రైతులకు కేంద్రప్రభుత్వమిచ్చు కిసాన్ సొమ్ము చూచుకొను స్థలము ‘పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్’. చివరనున్న ‘గవ్ డాట్ ఇన్’ అనునది భారతదేశ ప్రభుత్వములకు, ప్రభుత్వ శాఖలకు మాత్రమే లభించు ఇంటిపేరు. ‘ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్’, ‘తెలంగాణ డాట్ గవ్ డాట్ ఇన్’ అనునవియు అట్టివే. ఇప్పుడు దొంగ ఏమి చేయును? ‘పీఎంకిసాన్ డాట్ గవ్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్’ అని వ్రాయును. ముందునుండి చదివినవానికి అంతయు సక్రమముగనే తోచును. చివరనుండి చదివినవానికి ఇది ‘ఫలానా డాట్ కామ్’ అనువాని ఇల్లనియు, ముందున్న మాటలన్నియు వాడు తన గుమ్మమునకు తానే వ్రాసికొన్న బోర్డనియు తెలియును. చుక్కకు బదులు అడ్డగీత పెట్టి ‘పీఎంకిసాన్-గవ్-ఇన్ డాట్ కామ్’ అని వ్రాయుట మరియొక పద్ధతి. అడ్డగీత మాటలను అతుకును, చుక్క విడదీయును. అతికిన మాటలన్నియు కలిసి ఒక్కటే పేరు. ఒంటరి గీతకు ముందు ‘ఎట్’ గుర్తు వచ్చినచో, ఆ గుర్తుకు ఎడమనున్నదంతయు వట్టి అలంకారము. నిజమైన చిరునామా దాని కుడిప్రక్కన మొదలగును. సామాన్యమైన లింకులో ఆ గుర్తుకు అక్కడ పనియే లేదు గనుక, కనబడినపుడు వెనుదిరుగుటయే క్షేమము.

బ్యాంకుల విషయమున ఈ మధ్య ఒక మేలు జరిగినది. దేశములోని బ్యాంకులన్నియు తమ వెబ్ స్థలములను 2025 అక్టోబరు 31 లోగా ‘బ్యాంక్ డాట్ ఇన్’ అను ఇంటిపేరు క్రిందికి మార్చుకొనవలెనని రిజర్వు బ్యాంకు ఆ సంవత్సరము ఆదేశించినది. ఆ ఇంటిపేరును నమోదు చేసి ఇచ్చు అధికారము హైదరాబాదులోని ఐ.డి.ఆర్.బి.టి. అను బ్యాంకింగు సాంకేతిక పరిశోధనా సంస్థ కొక్కదానికే ఇచ్చిరి. దొంగకు ఆ పేరు దొరకదు. బ్యాంకు పేరు చెప్పి వచ్చిన కోడు ఈ చివర లేని స్థలమునకు తీసికొనిపోయినచో, దానిలో ఏమియు నింపకుండ మూసివేసి, పాసుపుస్తకముపై నున్న నంబరుతో బ్యాంకువారిని అడుగుట మంచిది.

అక్షరములలో గారడి కలదు. ఇంగ్లీషులో ‘ఆర్’, ‘ఎన్’ అను రెండు చిన్న అక్షరములు ప్రక్కప్రక్కన చేరినచో చిన్న తెరపై ‘ఎమ్’ వలె కనబడును. ‘ఓ’ స్థానమున సున్న, ‘ఎల్’ స్థానమున ఒకటి అంకె వేయుదురు. రష్యను లిపిలోని కొన్ని అక్షరములు ఇంగ్లీషు అక్షరములను అచ్చముగ పోలియుండును. వానితో వ్రాసిన పేరును కంటితో పట్టుట అసాధ్యము. ఇట్టి మోసములన్నింటికిని ఒక్క విరుగుడు కలదు. స్థలము ముందే తెలిసినదైనచో కోడును విడిచి, చిరునామాను స్వయముగ టైపు చేయుట, లేదా ఇంతకుముందే ఫోనులోనున్న యాప్‌నుండి వెళ్లుట. ఒక నిమిషము ఆలస్యమగును, అంతే.

కొన్ని కోడులు పొట్టి చిరునామాను చూపును. అది అసలు స్థలము గాక, అక్కడికి పంపు మలుపు మాత్రమే. దానిని చూచి గమ్యము చెప్పలేము. తెలిసిన సంస్థ కాగితముపై నున్నను, తెరచిన పిమ్మట చేరిన స్థలము పేరును మరల చదువవలెను. తెరచుటకు ముందు చదివితిమి గదా యని ఊరకుండరాదనుటకు వేరొక కారణము గూడ కలదు. 2018 మార్చిలో ఐఫోను కెమెరాలో లోపమొకటి బయటపడెను. ఒక విధముగ కట్టిన చిరునామాను స్కాను చేసినపుడు తెరపై ఒక పేరు చూపి, నొక్కినపుడు వేరొక స్థలమును తెరచుచుండెను. ఆపిల్ సంస్థ మరుసటి నెలలో దానిని సరిదిద్దినది. ఫోను అడుగు సాఫ్ట్‌వేరు నవీకరణలను వాయిదా వేయుచు పోవువారు ఇట్టి లోపములను జేబులో పెట్టుకొని తిరుగుచున్నట్లే.

తాళము గుర్తును గూర్చి ఒక్క మాట. చిరునామా ప్రక్కన తాళము బొమ్మ కనబడినచో అది సురక్షితమైన స్థలమని చాలకాలము చెప్పుచు వచ్చిరి. ఫోనునకును ఆ స్థలమునకును నడుమ సాగు మాటలు ఇతరులు వినలేరని మాత్రమే ఆ గుర్తునకు అర్థము. అవతలనున్నవాడు యోగ్యుడని అర్థము గాదు. దొంగయు తన తలుపునకు తాళము బిగించుకొనగలడు. జనులు దీనిని పొరపాటుగ గ్రహించుచున్నారని గూగుల్ సంస్థ 2023లో తన క్రోమ్ బ్రౌజరునుండి తాళము బొమ్మనే తొలగించినది.

డబ్బు కోడులలో లింకు ఉండదు, ఖాతా గురుతు ఉండును. అయినను చదువవలసిన వరుస అక్కడను కలదు. అంగడిలో చెల్లించునపుడు కెమెరాతో గాక, చెల్లింపు యాప్‌ను తానే తెరచి అందులోనుండి స్కాను చేయవలెను. అంగడి కోడు వెబ్ పుటను తెరచి కార్డు వివరములు అడిగినచో అక్కడ ఏదో తేడా యున్నట్లే. డబ్బు పంపువానికి బ్యాంకు ఖాతాలో నమోదైన పేరునే చూపవలెనని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషనువారు 2025లో ఆదేశించి, జూన్ నెలాఖరు గడువిచ్చిరి. కొట్టు పేరు ఒకటి, కొట్టు యజమాని పేరు మరియొకటి కావచ్చును. అట్టిచోట ‘ఈ పేరు మీదేనా?’ అని అడుగుట అవమానము గాదు. ఖజురహోలో తెరపై పేరును గమనించుటయే మోసమును బయటపెట్టినది.

డబ్బు పుచ్చుకొనుటకు కోడు స్కాను చేయవలసిన పని లేదు. పిన్ నంబరు కొట్టవలసిన పని అంతకంటె లేదు. పాత మంచమో, గేదెయో అమ్మకమునకు పెట్టినవానికి ఫోను చేసి, ‘బయానా పంపుచున్నాము, ఈ కోడు స్కాను చేసి పిన్ కొట్టుడు’ అనువాడు డబ్బు పంపువాడు గాదు, లాగుకొనువాడు. యు.పి.ఐ. పద్ధతిలో పిన్ నంబరు ఖాతానుండి సొమ్ము వెలుపలికి పోవుటకే గాని లోనికి వచ్చుటకు గాదు. ఇంతటి చిన్న సూత్రము తెలియక విద్యావంతులును నష్టపడుట విచారకరము. వారికి తెలివి లేక గాదు, అవతలివాడు తొందరపెట్టుటవలన. ‘ఐదు నిమిషములలో గడువు తీరును’ అన్న మాట వినబడినంతనే ఫోను క్రింద పెట్టుట నేర్చుకొనవలెను.

వాట్సాప్‌లో మరియొక కంప్యూటరును జతచేయు కోడు ఉండును. పరులు చూపిన అట్టి కోడును స్కాను చేసినచో తన ఉత్తరప్రత్యుత్తరములన్నియు వాని చేతిలో పెట్టినట్లగును. ఇక కోడు తెరచిన వెంటనే ‘ఏపీకే’ అను ఫైలు దిగుచున్నచో, అది ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చినను, కిసాన్ సొమ్ము పేరుతో వచ్చినను, ఫోనులో ప్రతిష్ఠింపరాదు. యాప్‌లు తెచ్చుకొనవలసినది అధికారిక యాప్ దుకాణమునుండియే.

పొరపాటున తెరచినవారు భయపడి దాచుకొనవలసిన పని లేదు. ఫోను సాఫ్ట్‌వేరు తాజాగా నున్నచో పుట తెరచినంత మాత్రమున సామాన్యముగ నష్టము జరుగదు. ఆ పుట అడిగినదానిని ఇచ్చినపుడే నష్టము. ఏమియు ఇవ్వక మూసివేసినచో సరి. సంకేతపదము వ్రాసియున్నచో వెంటనే అసలు స్థలమునకు పోయి దానిని మార్చవలెను. ఫైలు ప్రతిష్ఠించియున్నచో ఇంటర్నెట్టు ఆపి, తెలిసినవారికి చూపి తీసివేయించవలెను. డబ్బు పోయినచో ఆ క్షణముననే 1930 నంబరునకు ఫోను చేయవలెను. తన బ్యాంకునకును చెప్పవలెను. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’ అను స్థలములో ఫిర్యాదు వ్రాయవలెను. పోయిన సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు నిమిషములలో మారుచుండును. దారిలో నిలుపగలిగినచో నిలుపుటకే ఆ నంబరు. ఇంటిలోనివారు తిట్టుదురను సిగ్గుచేత రెండు దినములు ఊరకుండిన ముసలివారి సొమ్ము తిరిగివచ్చుట కష్టము. ఇంటిలోనివారు ఈ సంగతి ముందే తెలిసికొని, తిట్టుట తరువాతికి వాయిదా వేయవలెను.

సంస్థలకును దీనిలో కొంత దోషము కలదు. కోడును పెద్దదిగ ముద్రించి, దాని క్రింద చిరునామాను అక్షరములలో వ్రాయనివారు ఎందరో. అట్ట లేని పుస్తకమును బీరువాలో పెట్టి, లోన ఏమున్నదో మీరే చూచుకొనుడనినట్లున్నది వారి వరుస. అక్షరములలో చిరునామా ఉన్నచో చదువువాడు కాగితముపై దానిని, తెరపై దానిని సరిపోల్చుకొనగలడు. లేనిచో దేనితో సరిపోల్చును? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠ్యపుస్తకములలో ‘దీక్ష’ అను ప్రభుత్వ వేదికకు తీసికొనిపోవు కోడులు ముద్రించియున్నారు. 2017లో మొదలైన ఆ వేదిక చిరునామా ‘దీక్ష డాట్ గవ్ డాట్ ఇన్’. పిల్లలు పాఠముకొరకు స్కాను చేసినపుడు ఆ వరుసను పైకి చదివించి, ఇంటిపేరేదని అడిగిన ఉపాధ్యాయుడు సైన్సు పాఠముతో బాటు మరియొక పాఠము చెప్పినవాడగును. ఇంటిలో తాతకు, అమ్మమ్మకు ఫోను పట్టి చూపునది ఆ పిల్లలే.

పూర్వము ఉత్తరము వచ్చినచో అక్షరము తెలిసినవాని అరుగు వద్దకు పోయి చదివించుకొనెడివారు. అందులో ఎవరికిని నామోషీ తోచలేదు. వారమున కొక సాయంకాలము, పత్రికలు చదువు బల్లవద్ద, అట్టి ఏర్పాటు గ్రంథాలయములో జరుగవచ్చును. ఎవరైనను తమకు వచ్చిన కోడు కాగితమును, ఫోనులోనికి వచ్చిన కోడు బొమ్మను తెచ్చి చూపుకొందురు. గ్రంథపాలకుడో, చదువుకొన్న చందాదారుడో తెరపై వరుసను బిగ్గరగ చదివి, చివరి మాట ఏమిటో చెప్పును. పిన్ నంబరు చెప్పవలసిన పని గాని, ఫోను పరుల చేతికి ఇవ్వవలసిన పని గాని ఇందులో లేదు. సన్నని అక్షరములకు బల్లమీద భూతద్దమొకటి ఉంచిన చాలును.

చందా రుసుములు తీసికొనుటకు గ్రంథపాలకుని బల్లపై పెట్టిన కోడునకును ఇదే మర్యాద వర్తించును. దాని క్రింద ఖాతాలో నున్న పేరును తెలుగులోను, ఇంగ్లీషులోను పెద్ద అక్షరములతో వ్రాయించి, గాజుపలక క్రింద బిగింపవలెను. ప్రొద్దుననే తాళము తీసిన వెంటనే, పత్రికలు పరచుటకు ముందు, గ్రంథపాలకుడు తన ఫోనుతో దానిని ఒకసారి స్కాను చేసి, తెరపై పేరు గాజు క్రింది పేరుతో సరిపోయినదో లేదో చూచుకొని, ఆ తరువాత కిటికీలు తెరవవచ్చును.